మాస్టారు నన్ను అప్పగించిన ఏడాది

మా ఊరి కాలేజీలో తెలుగు చెప్పేవాళ్లంతా సార్లూ మేడమ్‌లూ. ఆయన ఒక్కరే మాస్టారు. చింతలపూడి అవతల ఒక చిన్న ఊళ్లో, ఇంకా మీసం సరిగ్గా రాని వయసులో, ఎలిమెంటరీ బడి పంతులుగా ఆయన ఉద్యోగం మొదలైంది. పగలు పిల్లలకి గుణింతాలు దిద్దించి, సాయంత్రాలు భాషాప్రవీణ పరీక్షకి చదువుకున్నారు. తర్వాత హైస్కూల్లో తెలుగు పండితుడయ్యారు. ప్రైవేటుగా బి.ఏ. కట్టారు, ఎం.ఏ. కట్టారు. పీహెచ్‌డీకి పదకొండేళ్లు పట్టింది. లెక్చరర్‌గా నూజివీడు వచ్చేసరికి ఆయన జుట్టు సగం నెరిసింది. బడి వదిలి వచ్చినా బడిపంతులు పిలుపు మాత్రం ఆయన్ని వదల్లేదు. దాన్ని వదిలించుకోవాలని ఆయనా ఎన్నడూ చూడలేదు.

ఆయన పరిశోధన యతిప్రాసల మీద. క్లాసులో ఎవరైనా పద్యం చదువుతూ ఒక్క అక్షరం జారవిడిస్తే, కళ్లు మూసుకుని వింటున్నవారు కాస్తా కళ్లు తెరిచేవారు. బస్సు టిక్కెట్టు వెనక గురులఘువులు గుర్తు పెట్టుకుంటూ దిగాల్సిన చోటు దాటిపోయి, ఎండలో వెనక్కి నడిచొచ్చిన రోజులున్నాయని ఆయన భార్య చెప్పేవారు.

మాది మామిడి వ్యాపారం చేసే ఇల్లు. మా ఇంట్లో అంతకుముందు ఆడపిల్ల ఎవరూ ఎం.ఏ. దాకా రాలేదు. ఎనభైల మొదట్లో నేను ఎం.ఏ. పూర్తి చేసి, పీహెచ్‌డీకి మాస్టారి దగ్గర చేరాను. ఆయన దగ్గర చేరిన మొదటి పరిశోధక విద్యార్థిని నేనే. శతకాల్లో ప్రాస అనేది నా టాపిక్. నిజం చెప్పాలంటే ఆ టాపిక్ మీద నాకు ప్రత్యేకమైన ఇష్టమేమీ లేదు. మాస్టారంటే ఇష్టం, ఆయనకి ప్రాస ఇష్టం, అంతే. అట్టలు కత్తిరించి కార్డులు చేసుకున్నాను. కార్డుకో పద్యం చొప్పున రాసుకోమన్నారు. మొదటి ఏడాది అలాగే గడిచింది.

ఆ వేసవిలో మా నాన్నగారికి జ్వరం వచ్చి మంచమెక్కారు. రెడ్డిగూడెం దగ్గర ఒక తోట కాపు మేము గుత్తకి తీసుకున్నాం. అన్నయ్య కాయతో విజయవాడ మార్కెట్‌కి తిరుగుతున్నాడు. కోత ఆగడానికి వీల్లేదు.

"నువ్వక్కడ చేసేదేం లేదమ్మా," అన్నారు నాన్నగారు. "కుర్చీ వేస్తారు, కూర్చో. మన మనిషి ఒకరున్నారని తెలిస్తే చాలు."

కార్డుల కట్ట చేత్తో పట్టుకుని వెళ్లాను. చెట్ల కింద నీడ బాగుంటుంది కదా, పద్యాలు రాసుకోవచ్చని నా ఆలోచన.

కోతకి వచ్చిన ఆడవాళ్లందరికీ ఒకామె పెద్ద. యాభై దాటి ఉంటాయి. సన్నగా, నల్లగా, చీర మోకాళ్ల మీదికి ఎగదోపుకుని, ఒక్క క్షణం నిలబడకుండా తిరిగేది. ఆమెని అందరూ పెద్దక్క అనేవాళ్లు. మగవాళ్లు గడకర్ర చివర కట్టిన వల సంచితో, అంటే చిక్కంతో, కాయ కోసి దించుతుంటే ఆడవాళ్లు వాటిని అందుకుని, సొన కారిపోయేదాకా బోర్లించి, మచ్చలున్నవి ఏరి పక్కన పెట్టి, గంపల్లో వరిగడ్డి వేసి సర్దేవాళ్లు. మొదటి రోజు ఊసుపోక ఒక బంగినపల్లి కాయ చేతిలోకి తీసుకుని, దాని మీదున్న పుల్లని తుంచాను. సొన చివ్వున చిమ్మి కాయ మీదా నా చేతి మీదా పడింది.

పెద్దక్క గంప దించి నా దగ్గరికి వచ్చింది. "ముచ్చిక తుంచమాకండి అమ్మాయిగారూ. సొన పడితే రేపటికి కాయ నల్లబడిపోద్ది."

"తొడిమ కదా ఇది," అన్నాను. తెలుగు ఎం.ఏ.ని మరి.

"చెట్టునున్నంతసేపు తొడిమండి. కోసి కింద పెట్టాక కాయతో పాటు వచ్చిన ముక్క ముచ్చిక. రెండూ ఒకటెట్టా అయిద్ది?"

నా చేతిలో కాయ తీసుకుని కొంగుతో తుడిచి, దాన్ని విడిగా పెట్టి వెళ్లిపోయింది. నేను కార్డు తిప్పి, వెనక వైపు ఆ రెండు మాటలూ రాసుకున్నాను. ఇంటికొచ్చి నిఘంటువు తీసి చూశాను. ఒక మాటకి అర్థంగా రెండో మాట ఇచ్చి ఊరుకున్నారు. తేడా ఎక్కడా లేదు.

మర్నాడు కుర్చీలో కూర్చోలేదు. ఆడవాళ్ల మధ్య చేరి వాళ్లు మాట్లాడుకునేది విన్నాను. పిందె ఎదగక ఎండి రాలితే దానికొక పేరు, వడపిందె. లోపల గింజ ఇంకా మెత్తగా ఉంటే కాయ జీడి మీదుంది, గట్టిపడితే టెంక కట్టింది. ముచ్చిక చుట్టూ కాయ కండపట్టి పైకి లేస్తే కాయకి భుజాలొచ్చినయ్యి, అప్పుడు కొయ్యొచ్చు. ఒకామె ఇంకొకామెతో ఆ మాట అంటుంటే నేను కాయని పట్టుకుని చూశాను. నిజంగానే దానికి భుజాలున్నాయి. మామిడికాయల మధ్య పుట్టి పెరిగినదాన్ని, అప్పటిదాకా వాటిని చూడలేదు.

నాన్నగారికి తగ్గేదాకా, అంటే తొమ్మిది రోజులు, తోటకి వెళ్లాను. కార్డుల వెనకలు నిండిపోయాయి.

కాలేజీ తెరవకముందే మాస్టారింటికి వెళ్లాను. ఈ నెలలో పనేమీ కాలేదని ముందే చెప్పి తప్పు ఒప్పుకుందామని. ఆయన వరండాలో పడక్కుర్చీలో ఉన్నారు. కార్డులు తీసుకుని ముందువైపు ఆ నెలలో రాసిన నాలుగు పద్యాలూ చూశారు. యథాలాపంగా ఒక కార్డు తిప్పారు. ఇంకొకటి తిప్పారు. ఆ తర్వాత అన్నీ వెనక వైపే చదివారు.

"భుజాలంటే ఏంటమ్మా?" అని అడిగారు.

రెండు చేతులూ కాయలా పెట్టి చూపించాను. ఆయన తన చేతులతో అలాగే చేసి చూసుకున్నారు.

"ఇవి పుస్తకాల్లో ఉన్నాయా?"

"కొన్ని ఉన్నాయండి. వాళ్లు చెప్పిన తేడాలు లేవు."

"ప్రాస మీద ఈ నెల నాలుగు కార్డులు రాశావు. ఇవెన్ని?"

"చూసుకోలేదండి."

 లోపల్నుంచి ఆయన భార్య మజ్జిగ తెచ్చిచ్చారు. మాస్టారు గ్లాసు పక్కన పెట్టి, "ఆ నాలుగూ నా కోసం రాశావు. ఇవి నీ కోసం రాసుకున్నావు. నీ టాపిక్ ఇది," అన్నారు.

"మాస్టారూ, రిజిస్ట్రేషన్ అయిపోయింది కదండీ. ఏడాది పోతుంది."

"పోనీ. ఇంకో సంగతి కూడా ఉంది. ఇది నేను చేయించలేను. నాకు భాషాశాస్త్రం రాదు. వచ్చినట్టు నటిస్తే నీకు అన్యాయం చేసినవాణ్ణవుతాను."

వేరే ఊరి యూనివర్సిటీలో భాషాశాస్త్రం చెప్పే మేడమ్ ఒకరున్నారనీ, ఒక సెమినార్‌లో ఆవిడ మాట్లాడగా విన్నాననీ, ఆవిడకి ఉత్తరం రాస్తాననీ చెప్పారు. రాశారు కూడా. నా ముందే, ఇన్లాండ్ కవరు మీద, అంచుల దాకా.

నేను ఇంటికొచ్చి ఏడ్చాను. చదువులో వెనకబడినందుకు గైడు నన్ను మర్యాదగా వదిలించుకున్నారనుకున్నాను. నాన్నగారికీ అదే అనుమానం వచ్చింది. "ఏం తప్పు జరిగిందమ్మా?" అని మెల్లగా అడిగారు. సంగతంతా చెప్పాను. 

"అయితే మన తోటల్లో కూలీలు మాట్లాడుకునే మాటలకి డాక్టరేట్ ఇస్తారా?"

"ఇస్తారట నాన్నగారూ."

"వాళ్లకా, నీకా?"

ఆయన వేళాకోళానికి అన్నారో, నిజంగా అడిగారో నాకిప్పటికీ తెలియదు. 

కాలేజీలోనూ ఇలాంటి ప్రశ్నే వచ్చింది. టాపిక్ మార్పు గురించి మాట్లాడడానికి పిలిచినప్పుడు పెద్దవాళ్లలో ఒకరు, ఇది సాహిత్యం కాదు కదా, వ్యవసాయ శాఖకి పంపించండి అన్నారు. మిగతావాళ్లు నవ్వారు. మాస్టారు నవ్వలేదు. "పద్యంలో మాట ఎక్కడి నుంచి వచ్చిందండీ? ఎవరో ఒకరు నోటితో అన్నాకే కదా కవి రాశాడు," అని, గైడు మార్పు కాగితం మీద ముందుగా తనే సంతకం పెట్టి, పెన్ను మూత పెట్టుకున్నారు. ఆయన ముఖం పెళ్లిలో అప్పగింతల దగ్గర పెళ్లికూతురి తండ్రి ముఖంలా ఉంది. అప్పుడు నాకది తోచలేదు. కోపంగా ఉన్నాను.

కొత్త మేడమ్ పై వేసవికి రెడ్డిగూడెం వచ్చారు. భుజానికి గుడ్డసంచీ, చేతిలో ఇటుకంత బరువున్న టేప్‌రికార్డర్. బస్సు దిగీ దిగగానే సోడా కావాలన్నారు. ఆవిడ మొదట లెక్కల టీచరట. సెలవుల్లో సరదాకి భాషాశాస్త్రం కోర్సులో చేరి, మళ్లీ లెక్కల వైపు చూడలేదు. లిపి లేని ఒక భాషని రికార్డు చేస్తూ ఏజెన్సీ పల్లెల్లో ఏళ్ల తరబడి తిరిగారు. "నాకు పర్మనెంట్ ఉద్యోగం వచ్చేసరికి నాతో చదువుకున్నవాళ్లు రీడర్లయిపోయారు," అని చెప్పి, సోడా తాగి, "ఏం, తోట ఎంత దూరం?" అన్నారు.

తోటలో నేను పెద్దక్కని కేకేసి పిలిచాను. "ఇట్రా, ఈ మేడమ్‌కి ముచ్చిక గురించి చెప్పు," అన్నాను. నేను పుట్టినప్పటి నుంచీ మా ఇంట్లో కూలికి వచ్చేవాళ్లతో అలాగే మాట్లాడతాం. మేడమ్ లేచి నిలబడి పెద్దక్కకి నమస్కారం పెట్టారు.

"మీకు పనికి అడ్డం వచ్చానేమో. తీరికైనప్పుడే మాట్లాడదామండీ," అన్నారు.

పెద్దక్క కంగారు పడింది. "అయ్యో, నన్ను మీరనమాకండి, ఆయుష్షు తగ్గిపోద్ది," అంది. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. మేడమ్ మాత్రం చివరిదాకా మీరనే అన్నారు. నాకు చెవులు వేడెక్కాయి. నాతో ఆవిడ దాని గురించి ఒక్క మాట అనలేదు. ఆ రోజు నుంచి నేనూ పెద్దక్కని మీరు అన్నాను. మొదటి వారం ఇద్దరికీ ఇబ్బందిగానే ఉండేది.

మేడమ్ నేర్పిన మొదటి విషయం, దీన్నేమంటారు అని అడగకపోవడం. అలా అడిగితే మనకి తెలిసిన మాటే చెబుతారు, మనల్ని సంతోషపెట్టడానికి. వాళ్ల పని వాళ్లని చేసుకోనిచ్చి పక్కన ఉండాలి. మాట అదే వస్తుంది. మధ్యాహ్నం అన్నాలయ్యాక మేడమ్ ఆ పొద్దున రికార్డు చేసిన టేపు పెద్దక్కకి వినిపించారు. పెద్దక్క గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కదలకుండా వింది.

"ఇది నా గొంతాండి?"

"మీదే."

"మా అమ్మ గొంతులాగుంది," అంది. మళ్లీ ఒకసారి పెట్టించుకుని వింది.

మూడు కాపులు, అంటే మూడు వేసవులు, నేను ఆ తోటలోనూ చుట్టుపక్కల తోటల్లోనూ తిరిగాను. పూత రోజుల్లో ఒకలాంటి మాటలు, పిందె రోజుల్లో ఇంకోలాంటివి. గాలివాన వచ్చి కాయ రాలిన రోజు వినిపించిన మాటలు టేపులో పెట్టబుద్ధి కాలేదు. నాన్నగారు కూడా మారారు. మొదట్లో నా చదువు సంగతి ఎవరైనా అడిగితే తెలుగు అని ఊరుకునేవారు. తర్వాత తర్వాత కొట్టుకి వచ్చినవాళ్లని కూర్చోబెట్టి, "మీ వైపు దీన్నేమంటారండి?" అని అడిగి, చీటీ మీద రాసి ఇంటికి తెచ్చేవారు. అలా అడగకూడదని నేను ఆయనకి చెప్పలేదు.

నన్ను వదిలేశారనుకున్న మాస్టారు వదల్లేదు. నెలకోసారైనా సాయంత్రం బస్సులో తోటకి వచ్చేవారు. పంచె ఎగకట్టి, తువ్వాలు పరుచుకుని చెట్టుకింద కూర్చునేవారు. ఆడవాళ్లు గంపలు సర్దుతూ పాడుకునే పాటలు వింటూ వేళ్ల కణుపుల మీద మాత్రలు లెక్కపెట్టేవారు. ఒకసారి పెద్దక్క అడిగింది, "ఆ పంతులుగారు ఏం జపం చేసుకుంటన్నారండి?" అని. చెప్పాను. "మా పాటకి లెక్క కూడా ఉందా," అని, ఆ పూట ఆమె కావాలనే గొంతు పెంచి పాడింది. నా అధ్యాయాలు మేడమ్ చూశాక మాస్టారు చూసేవారు. భాషాశాస్త్రం జోలికి వెళ్లకుండా, వాక్యం ఎక్కడ కుంటుతోందో అక్కడ మాత్రం పెన్సిల్ గీత పెట్టేవారు. నా వాక్యం ఈనాడు నిలబడి నడుస్తోందంటే ఆ గీతల వల్లే.

థీసిస్ మొదట్లో కృతజ్ఞతల పేజీ రాసినప్పుడు, తోటలవాళ్ల పేర్లన్నీ చివర సమాచారం ఇచ్చినవారు అని పెట్టాను. మేడమ్ అది కొట్టేసి, నేర్పినవారు అని రాశారు. వాళ్ల పేర్లు గైడుల పేర్ల పక్కనే ఉండాలన్నారు.

వైవాకి బయటి యూనివర్సిటీ నుంచి ఒక పెద్దాయన వచ్చారు. గంటసేపు అడిగాక చివరికి, "ఈ మాటలన్నీ నువ్వు తీసుకున్నావు సరే. వాళ్లకేం మిగిలిందమ్మా?" అన్నారు. మాస్టారు వెనక వరసలో కూర్చుని ఉన్నారు. నేను ఆయన వైపు చూడలేదు.

"నాకింకా తెలీదండి," అన్నాను.

ఆ పెద్దాయన తలూపి, కాగితం మీద ఏదో రాసుకున్నారు. డిగ్రీ ఇచ్చారు. తర్వాత తోటకి వెళ్లి పెద్దక్కకి ఆ ప్రశ్న చెప్పాను. అప్పటికి ఆమె నన్ను అమ్మాయిగారూ అనడం మానేసింది. "నా వయసొచ్చేదాకా నన్నెవరూ ఏదీ అడగలేదమ్మా. ఇది చెయ్యి, అది చెయ్యి అనటమే గాని. నువ్వు మూడేళ్లు అడిగావు," అంది. ఆ మాట వైవాలో చెప్పగలిగి ఉంటే బాగుండేది.

ఉద్యోగం నాకు గోదావరి అవతల ఒక కాలేజీలో వచ్చింది. అక్కడ చేరిన రెండో ఏడు, పేపర్లు దిద్దడానికి వచ్చిన ఒక సీనియర్ లెక్చరర్ టీ తాగుతూ మాటల్లో మా మాస్టారి ప్రస్తావన తెచ్చారు. పాపం ఆయనకి రీడర్ పోస్టు చేతిదాకా వచ్చి పోయిందన్నారు. ఆయన వ్యాసాలన్నీ బాగున్నాయట. కానీ ఒక్క విద్యార్థి చేత కూడా పీహెచ్‌డీ చేయించలేదని ఆ పోస్టు వేరేవాళ్లకి ఇచ్చారట. "ఉన్న ఒక్క స్టూడెంటునీ ఎవరికో ఇచ్చేశారట. ఎందుకిచ్చారో," అన్నారు. ఆ స్టూడెంటు నేనేనని ఆయనకి తెలియదు. 

ఆ వారంలోనే సెలవు పెట్టి నూజివీడు వెళ్లాను. మాస్టారు వరండాలోనే ఉన్నారు.  భోజనాలయ్యాక, చేతులు కడుక్కుంటున్నప్పుడు అడిగాను.

"ఎవరు చెప్పారు నీకు?" అన్నారు.

చెప్పాను.

"అప్పుడు మీకు తెలుసాండి, ఇలా అవుతుందని?"

"తెలుసు. ఆ ఉత్తరం రాసేటప్పుడే తెలుసు." తువ్వాలుతో చేతులు తుడుచుకుని కూర్చున్నారు. "ప్రాస మీద నువ్వు రాయబోయే థీసిస్ నేను అప్పటికే రాసేశానమ్మా. పదకొండేళ్లు రాశాను. దాన్నే నీ చేత మళ్లీ రాయించి నా పేరు పక్కన పెట్టుకోవడానికి మనసొప్పలేదు."

"బాధ అనిపించలేదాండి?"

"అనిపించింది. ఇంటర్వ్యూ నుంచి వచ్చిన రోజు అన్నం తినలేదు. ఈవిణ్ణడుగు." ఆయన భార్య గుమ్మంలో నిలబడి అవునన్నట్టు తలూపారు. "తర్వాత పోయింది. నువ్వు ఆ తోటలో తిప్పకపోతే నేను ఆ పాటలు వినేవాణ్ణా?"

లోపలికి వెళ్లి ఒక నోటుబుక్కు తెచ్చారు. తోట పాటల నడకల మీద రాసుకుంటున్నారు. పుస్తకాల్లో పేరున్న ఏ ఛందస్సుకీ అందని ఒక నడకని పట్టుకుని, దానికేం పేరు పెట్టాలో తెలియక రెండు నెలలుగా ఆగిపోయారట. ఉత్సాహంగా బల్ల మీద దరువు వేసి వినిపించారు. నేను క్షమాపణ చెప్పుకోవాలని వెళ్లాను. ఆ పాట రికార్డు చేసిన రోజు ఎవరు ఎక్కడ గొంతు కలిపారో గుర్తు తెచ్చుకుని చెప్పడంలోనే మధ్యాహ్నం గడిచిపోయింది.

ఆయన లెక్చరర్‌గానే రిటైరయ్యారు. నేను రీడర్‌నయ్యాను, ప్రొఫెసర్‌నయ్యాను, ఎనిమిది మంది చేత పీహెచ్‌డీ చేయించాను. ప్రమోషన్ ఆర్డరు చేతికి వచ్చిన ప్రతిసారీ మొదట గుర్తొచ్చింది ఆ ఇన్లాండ్ కవరే.

ఆ నోటుబుక్కు చూపించిన రోజు సాయంత్రం మాస్టారు నన్ను బస్టాండ్ దాకా దిగబెట్టారు. వద్దన్నా నా సంచీ ఆయనే పట్టుకున్నారు. బస్సు నిండుగా ఉంది. ఆయన ఫుట్‌బోర్డు దగ్గరికి వచ్చి కండక్టర్‌తో, "మా అమ్మాయండీ, కాలేజీలో పాఠం చెబుతుంది. ఏలూరు దాకా నిలబడలేదు, ఎక్కడన్నా సీటుంటే చూడండి," అన్నారు. కండక్టర్ వెనక వరసలో ఇద్దరిని జరిపి నాకు చోటిచ్చాడు. మాస్టారు సంచీ కిటికీలోంచి అందించి, బస్సు కదిలేదాకా అక్కడే నిలబడ్డారు.